కొండెక్కిన పొయ్యి

నా మాగాణికి ఎసరు పెట్టినవాడు మాంత్రికుడు కాదు, చెంచిరాజు. మౌక్తికపురం కోటలో పాకశాలాధిపతి, తలపాగా మీద బంగారు గరిటె గుర్తు ధరించే మొనగాడు, నా భార్య అక్కను చేసుకుని నాకు తోడల్లుడైన మహానుభావుడు. పాము నయం. కాటేశాక దాని దారిన అది పోతుంది. చెంచిరాజు కాటేశాక పక్కనే గొంతుక్కూర్చుని, "నొప్పిగా ఉందా తమ్ముడూ?" అని అడుగుతాడు.

అప్పటికి రాకుమారి చంపకవల్లిని ధూమకంఠుడనే మాంత్రికుడు పొగకొండ గుహలోకి ఎత్తుకుపోయి పక్షం దాటింది. వెళ్లిన సైన్యం వెళ్లినట్టే బూడిద కుప్పలైంది. చివరికి వాడే కబురు పంపాడు. పున్నమినాడు తనకు ఎండుపండ్ల పలావు వండిపెట్టడానికి కోట వంటవాడు రావాలట. వంట నచ్చితే పిల్లను వదిలే సంగతి ఆలోచిస్తాడట. వీరకుంతల మహారాజు చెంచిరాజును సభకు పిలిపించి, "వంట నెపంతో వెళ్లి మా బిడ్డను తప్పించుకురా" అన్నాడు.

చెంచిరాజుకు ఆ క్షణంలోనే కడుపునొప్పి వచ్చింది.

"మహాప్రభో, లోపల సుడిగాలి తిరుగుతోంది. ఈ కడుపుతో గుర్రమెక్కితే దారిలోనే రాలిపోతాను. అదుగో, మా తమ్ముడు ఐతన్న. దున్నుకునేవాడే కాని గరిటె పడితే నాకు కుడిభుజం. నా తలపాగా చుట్టి పంపితే మాంత్రికుడు కాదు, వాణ్ణి కన్నవాడు కూడా పోల్చుకోలేడు."

కోటకు పాతబియ్యం తోలడానికి వచ్చి ద్వారం దగ్గర బస్తా దించుకుంటున్నవాణ్ణి నేను. సభంతా నా వైపు తిరిగింది.

రాజు నన్ను ఎగాదిగా చూశాడు. "వీడు మా గుర్రమెక్కి అటునుంచటే ఉడాయిస్తే? పూచీ ఎవరు?"

"నేనే పూచీ ప్రభో. నా పూచీకి వాడి మాగాణి పూచీ."

నేను నోరు తెరిచేలోగా నా అరచేతిలో నీళ్లు పోశారు. రాకుమారి వచ్చినా రాకపోయినా, మర్నాటి పున్నమి సాయంకాలపు నగారా మోగేలోగా ఐతన్న వచ్చి రాజు ఎదుట నిలవాలి. నిలవకపోతే మాగాణి పూచీదారుడిది. ఆ మాటతో నా చేతిలోని నీళ్లు నేలమీద పడ్డాయి. మా దేశంలో భూమి చేతులు మారేది నీటిచుక్కతోనే. చుక్క పడ్డాక రాజు తలకిందులుగా నిలబడ్డా మాట వెనక్కు రాదు.

ఆ నేల మా నాన్న ముళ్లకంప నరికి, రాళ్లేరి, కాలువ మళ్లించి చేసినది. నేను గుణింతాల దగ్గరే పలక పారేసి నాగలి పట్టినవాణ్ణి. ఆ మాగాణి ఒక్కటే నాకు వచ్చిన విద్య.

కోట గుమ్మం దగ్గర చెంచిరాజు నా తలకు తన తలపాగా చుడుతూ పలావు నేర్పాడు.

"పాతబియ్యం కడిగి నానబెట్టు. నెయ్యి కాగాక దినుసులు వెయ్యి. అవి చిటపటమంటుంటే బియ్యం వేయించి ఎసరు పొయ్యి. ఎండుపండ్లు విడిగా నేతిలో పొంగించి పైన పరువు. మూతచుట్టూ పిండి అతికించి దమ్ము పెట్టు. అంతే!"

"ఎసరెంత?"

"చూస్తే తెలుస్తుంది."

"మంటెంత?"

"వాసనొస్తే తెలుస్తుంది."

"అన్నా, నా ప్రాణం పోతే తెలుస్తుందా?"

"అది తెలీదులే తమ్ముడూ. చటుక్కున పోతుంది."

ఇచ్చిన గుర్రం కూడా వాడి మాటలాంటిదే. ఒక కాలు నేలకు ఆనేది కాదు. దానిమీద తెల్లవారకముందే బయలుదేరి, దొర్లుడురాళ్ల లోయలో దిగాను. ఆ లోయలో రాళ్లకు చెవులున్నాయి. మనిషి గొంతు వినపడితే చాలు, ఆ దిక్కుకు దొర్లుకొస్తాయి. నోరు మూసుకుని వెళ్లిన బాటసారులు ఎందరో క్షేమంగా దాటారని చెబుతారు. నేనూ దాటేవాణ్ణే. లోయ మధ్యలో గుర్రం కుంటి కాలు మడిచి నన్ను ముళ్లపొదలో పడేసింది. "చెంచిరాజా, నీ వంశం మసిబొగ్గయిపోనూ!" అన్నాను గొంతెత్తి.

లోయ ఉరిమింది. ఇంతింత గుండ్రాళ్లు, గాదెలంత రాళ్లు, ఎద్దులగుంపు అడ్డం తిరిగినట్టు నా మీదికి వచ్చాయి. గుర్రం ఒక్కసారిగా నాలుగు కాళ్ల జంతువైపోయింది. జీను అందిపుచ్చుకుని దానితో పరుగెత్తాను. తిట్టు ఆపితే రాళ్లు ఆగుతాయని తెలుసు. ఆపుదామనే అనుకున్నాను. కాని వాడి మొహం కళ్లముందు ఉన్నంతసేపూ నోరు నా మాట వినలేదు. లోయ చివర ఏటి ఇసుకలో దూకితే ఒక రాయి నా చెప్పును మాత్రం తీసుకుని ఆగింది.

పొద్దు నడినెత్తికి రాకముందే పొగకొండ కనిపించింది. ఆకాశమనే మూకుడు కింద ఎవరో పెట్టి మరచిపోయిన పొయ్యిరాయిలా ఉంది ఆ కొండ. నీలాల పొగ దాని భుజాలమీద పట్టుచీరలా జారుతోంది. కొండ మొదట్లో చెక్కిన ద్వారానికి అటూ ఇటూ రాతి సింహాలు, వాటి కోరల్లో వెలగని దివ్వెలు, వాటి కాళ్లకింద మా సైనికుల డాళ్లు. ద్వారం మధ్య నల్లచేవ గడప. నేను దగ్గరికి వెళ్లగానే ఆ గడపలో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"ఎవరు?" అంది గడప.

"వంట."

"లోపలికి రావచ్చు. బయటికి పోరాదు," అని కళ్లు మూసుకుంది. అది గడపభూతం. ధూమకంఠుడు ఏ దేశంనుంచో పట్టుకొచ్చి కొయ్యలో బిగించాడు.

ధూమకంఠుడు నా మొహం వంక చూడనే లేదు. తలపాగా మీది బంగారు గరిటె చూసి తల ఊపాడు. వాడి గొంతు మీద చేపమొప్పల్లాంటి చీలికలు, వాటిలోంచి ఊపిరితోపాటు పొగ.

"విను. మెతుకులు నాకక్కర్లేదు, నువ్వే మేసుకో. దమ్ము పట్టిన పలావు మూత తీసినప్పుడు లేచే తొలి ఆవిరి నాది. మూత వండిన చేతితోనే విప్పాలి. వేరే చెయ్యి తగిలితే ఆవిరి వట్టి ఆవిరే. పొద్దు గుంకకముందే నా ముక్కుకు అందాలి."

"గుంకితే?"

అడిగింది వాణ్ణి. పలికింది గడప. "గుంకితే మళ్లీ పున్నమిదాకా అయ్యకు బలం ఉండదు."

ధూమకంఠుడు చేతిలో కమండలం విసిరి గడపను కొట్టాడు. "నిన్నెవడు అడిగాడు! వంటకు ఏది కావాలంటే అది అందించు. ఎవర్నీ దాటనివ్వకు." అని హోమం చేసుకోవడానికి లోపలి మెట్లమీదుగా కొండ శిఖరానికి వెళ్లిపోయాడు.

ఆ వంటశాల గురించి నేను చెబితే అబద్ధమంటారు. గోడల్లో గూళ్లు, గూళ్లలో వెండి పళ్లేలు. పగడపు గుట్టల్లా ఎండు ఖర్జూరాలు. తేనె బొట్లు బొట్లుగా గడ్డకట్టినట్టు ఎండుద్రాక్షలు. చిలకరెక్కల రంగు పిస్తాలు, ముసలి మంత్రుల మొహాల్లా ముడతలు పడ్డ అక్రోటులు, దంతంతో చెక్కినట్టు బాదంపప్పులు. కుంకుమపువ్వు గిన్నె మూత తీస్తే సంధ్యాకాశం ఒక్క గుక్క బయటికి వచ్చినట్టయింది. వీటన్నిటి మధ్య చాప మీద కూర్చుని ద్రాక్షల తొడిమలు గిల్లుతున్న పిల్లే రాకుమారి.

"కొత్త వంటాయనా, మాట జాగ్రత్త," అంది తల ఎత్తకుండానే. "ఈ గుహలో అన్న మాట అన్నవాణ్ణే పట్టుకుంటుంది. వచ్చినరోజు కోపంలో వాడితో 'నీ మొహం చూడను' అన్నాను. అప్పట్నుంచి వాడొస్తే చాలు, నా రెప్పలు వాటంతటవే మూతపడుతున్నాయి."

"మంచిదేగా అమ్మాయిగారూ."

"మంచిదే. వాడెదురొచ్చినప్పుడు మెట్టు తగిలి పడితే తెలుస్తుంది మంచి."

నేనెవరో, ఎలా వచ్చానో, చెంచిరాజు ఎలాంటివాడో, సాయంకాలం నగారాతో నాకేం పోతుందో బియ్యం కడుగుతూనే చెప్పాను. అడక్కుండానే చెప్పాను. నీళ్లు పడ్డ దగ్గర్నుంచీ ఎవరు కనిపించినా అదే చెబుతూ వచ్చాను. రాకుమారి విని, "అయితే పాకశాలాధిపతివి కాదన్నమాట. పలావు వచ్చా?" అంది.

"సగం వచ్చు. రెండో సగం చెంచిరాజు కడుపులో ఉంది."

గడపభూతం ఒక చెయ్యి గోదాములోకి సాగదీసి తట్టెడు బియ్యం అందించింది. అంత పెద్ద రాగిడేగిసాకు అది ఏ మూలకి? తట్ట బోర్లించి చూపి, "బియ్యం నిండుకున్నాయి," అన్నాను.

"సంతోషం," అంది భూతం.

కాసేపు చూశాను. చెయ్యి కదల్లేదు. "ఓయ్, వినబడిందా? బియ్యం నిండుకున్నాయి!"

"నిండుకుంటే ఇంకెందుకు?"

రాకుమారి ఒళ్లోని ద్రాక్షలు చాపనిండా దొర్లేలా నవ్వింది. "అది పరదేశపు భూతం. దాని దేశంలో వంటింట్లో కూడా లేదు అంటే లేదు అంటారట. ఇంకా కావాలని అడుగు."

కావాలి అన్నాను. బస్తా వచ్చి నా కాళ్లమీద పడింది. వంటింట్లో 'అయిపోయింది' అన్న మాట మా అమ్మ నోట నేనెన్నడూ వినలేదు. ఎనిమిదేళ్లవాణ్ణి ఉప్పు లేదన్నందుకు నా మూతిమీద పడిన అట్లకాడ దెబ్బ ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది. భూతంకోసం ఆ నాలుక మార్చుకోవడం నావల్ల అయ్యేపనేనా?

పొయ్యి రాజేశాను. కడివెడు నెయ్యి కాగుతుంటే లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, జాపత్రి వేశాను. యాలకులు పొట్ట పగిలి చిట్లాయి. గుహలో గబ్బిలాలు కూడా నిద్రలేచి ముక్కులు ఎగబీల్చాయి. బియ్యం వేసి గరిటె తిప్పితే గింజ గింజ ముత్యంలా మెరిసింది. ఎసరు ఎంతో తెలియదు. వేలు ముంచి రెండు కణుపులు వచ్చేదాకా పోశాను. ఇంట్లో అన్నానికి మా ఆవిడ పోసే కొలత అదే. పక్క పొయ్యిమీద ద్రాక్షలు నేతిలో పడి బుడగల్లా ఉబ్బి, ఇంక తీయమని గెంతసాగాయి.

"మాడుతున్నాయి, మాడుతున్నాయి! తియ్యి!" అంది రాకుమారి.

"నువ్వు తియ్యమ్మా, నాకు చేతులు రెండే!"

ఆమె దోసిట్లో బాదం, నా గరిటెలో ఖర్జూరం. ఒకరి మోచెయ్యి ఒకరికి తగుల్తూ, అరుచుకుంటూ అన్నీ పైన పరిచాం. కుంకుమపువ్వు నానేసిన పాలు చల్లాం. డేగిసా మీద మూత పెట్టి, గోధుమపిండి ముద్ద తాడులా పేని చుట్టూ నొక్కాను. ఆ పనిలో మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేదు. మడికి గట్టు వేయడం లాంటిదే.

ఇక దమ్ము. మంట ఎంత ఉండాలి? వాసనొస్తే తెలుస్తుందన్నాడు మా అన్న. మాడు వాసన వచ్చింది. హడలిపోయి కట్టెలన్నీ బయటికి లాగాను. అయినా భయం తీరక చెంబెడు నీళ్లు చల్లాను. పొయ్యి బుస్సుమని ఒక నిట్టూర్పు విడిచి చల్లారిపోయింది. నిప్పు లేదు, కణిక లేదు. ద్వారంలోంచి చూస్తే పొద్దు అప్పుడే పడమటికి ఒరుగుతోంది.

నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను. "ఇంకేముంది! పొయ్యి కాస్తా కొండెక్కింది!"

గడపలో కళ్లు తెరుచుకున్నాయి. "ఏ కొండ?"

"ఏ కొండేమిటి నీ మొహం! కొండెక్కిందంటే కొండెక్కింది!"

"ఇక్కడున్నది ఒక్కటే కొండ," అని భూతం లేచింది. చేవ కొయ్య పెళపెళమని సాగింది, కాళ్లొచ్చాయి, వీపు వచ్చింది, తాటిచెట్టంత మనిషై ద్వారంలోంచి బయటికి అడుగేసింది. "చెయ్యి గోదాముదాకే సాగుతుంది. పైకెక్కిన పొయ్యికోసం నేనే పోవాలి," అని గొణుక్కుంటూ శిఖరం వైపు పాకింది. ద్వారంలో గడప లేదు. వట్టి ఎండ ఉంది.

రాకుమారి చాపమీంచి లేచింది.

"ఏమన్నావు దాంతో?"

"నేనేమన్నానమ్మా? పొయ్యి..."

"నోరు మూసుకుని పరుగెత్తు!"

ఆమె పరికిణీ ఎగదోపుకుని లేడిలా దూకేసింది. నేనూ దూకేవాణ్ణే. కాని పొయ్యికి దణ్ణం పెట్టకుండా వంటిల్లు దాటే అలవాటు మా ఇళ్లలో లేదు. వంగి రాయిమీద చెయ్యివేసి కళ్లకద్దుకున్నాను. పోతానంటే అశుభం కదా. "వస్తా తల్లీ," అన్నాను.

బయటపడ్డాం. గుర్రాన్ని విప్పాం. రాకుమారిని ఎక్కించి, వెనక నేనెక్కి, రాతి సింహాలు దాటి, ఏటివాలుకు దిగేదాకా బాగానే ఉంది. అక్కడ నా మడమలు జివ్వుమన్నాయి. ఎవరో తాడేసి లాగినట్టు గుర్రంమీంచి వెల్లకిలా పడ్డాను. లేచి ముందుకు అడుగేస్తే కాలు వెనక్కు పడింది.

"లే వంటాయనా, ఆటలా?"

"కాళ్లు నావి కావమ్మా! గుహవైపు పోతున్నాయి!"

ఆమె గుర్రం దిగింది. "వచ్చేటప్పుడు ఏమన్నావు?"

"ఏమీ అనలేదు. వస్తానన్నాను."

"వస్తాననా? వాడి గుహలో నిలబడి?"

"మరి పోతాననమంటావా!"

రాకుమారి నుదురు కొట్టుకుంది. నా తలపాగా ఊడదీసి ఒక కొస నా నడుముకు, ఒక కొస గుర్రం జీనుకు కట్టింది. గుర్రం ముందుకు లాగింది, నా కాళ్లు వెనక్కు లాగాయి. బంగారు గరిటె తెగి ఇసుకలో పడింది. నాతోపాటు గుర్రం కూడా వెనక్కు జారడం మొదలుపెట్టింది. అంతలో శిఖరంమీంచి ధూమకంఠుడి కేక వినబడింది. కొండ పొడుగునా పొగ చెదిరింది.

"సరే, అయితే నేనూ వ..."

"ఆ మాట అనకు!" అని అరిచి ఆమె నోటిమీద చెయ్యి వేశాను. రాజుబిడ్డ అనే ధ్యాస కూడా లేదు. "నువ్వు వెళ్లు. కోట కందకం దాటితే వాడి మంత్రం పారదు."

"నువ్వు లేకుండా వెళితే నీ మాగాణి? మా నాన్నకు చెబుతాను, ఆయన..."

"నీళ్లు పడ్డ మాట అమ్మా. మీ నాన్న తప్పడు. నువ్వెక్కు!"

తలపాగా కొస విప్పేసి, గుర్రం పిర్రమీద నా ఒంటిచెప్పుతో కొట్టాను. అది కుంటుతూ, కుంటుతూనే పరుగెత్తింది. నా కాళ్లు నన్ను వీపు ముందుగా ఈడ్చుకెళ్లి వంటశాల మధ్యలో నిలబెట్టి అప్పుడు వదిలాయి.

వదలగానే ద్వారంవైపు ఉరికాను. ఆలస్యమైపోయింది. భూతం వచ్చేసింది. దాని రెండు చేతుల మధ్య నిలువెత్తు మంట, నేతివాసన, సగం కాలిన సమిధలు.

"దొరికింది! కొండమీదే ఉంది. ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని వదలనంటే లాక్కొచ్చా," అని ఆ మంటను నా పొయ్యిలో కుక్కింది. తృప్తిగా ఒళ్లు విరుచుకుని ద్వారంలో పడుకుని మళ్లీ గడపైపోయింది.

మెట్లమీదుగా ధూమకంఠుడు దిగాడు. గడ్డం సగం కాలింది. మెడచీలికల్లోంచి పొగ ఉండలు ఉండలుగా వస్తోంది.

"నా హోమాన్ని ఎత్తుకొచ్చావా కొయ్యా! ఎవడు చెప్పాడు నీకు?"

"వంటాయనే. పొయ్యి కొండెక్కిందన్నాడు."

వాడికి అర్థమైంది. తెలుగు వచ్చినవాడే మరి. కళ్లు చాపవైపు తిరిగాయి. చాపమీద తొడిమలు తప్ప మనిషి లేదు. పళ్లు కొరికి పొయ్యివైపు చూశాడు. హోమాగ్ని మీద డేగిసా సలసలమంటోంది. పిండిగట్టు అంచుల్లోంచి దారమంత ఆవిరి తొంగిచూస్తోంది. ద్వారంలోంచి పడే ఎండ పొడుగ్గా, ఎర్రగా మారింది.

"దాని సంగతి తర్వాత. ముందు మూత తియ్యి చెంచిరాజూ."

"ఆ పేరుతో పిలవకు. మిగతా ఏమన్నా పడతాను." రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.

"తియ్యి! కప్పను చెయ్యమంటావా?"

"చెయ్యి. కప్పచేత్తో మూత తీయించుకో."

"చేతులు నరికి..."

"నరికి? ఆ తర్వాత?"

వాడు గుహలో ఈ గోడకూ ఆ గోడకూ తిరిగాడు. నేను ద్వారంలోంచి దూరంగా చూస్తున్నాను. లోయ అవతలి మైదానం చివర మా కుంటి గుర్రం చీమంత కనిపిస్తోంది. దాని ముందు కోట కందకం ఇత్తడి తీగలా మెరుస్తోంది. ఇంకా చాలా దూరముంది. చీమ ఆగి, మళ్లీ కదిలింది.

"ఆయన మాగాణి పోతుందట," అంది గడప ఉన్నట్టుండి. "నగారా మోగేలోగా కోటలో నిలబడకపోతే. అమ్మాయిగారితో చెబుతుంటే విన్నా."

ధూమకంఠుడు తిరగడం ఆపాడు. నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. గొంతు నెయ్యి పోసినట్టు మెత్తబడింది.

"అంత కష్టంలో ఉన్నావా పాపం. ఇదుగో, ఈ గుహలో మాట నన్ను కూడా కడుతుంది. మూత తియ్యి. తొలిదమ్ము పీల్చిన మరుక్షణం భూతం నిన్ను రెప్పపాటులో రాజు ఎదుట దింపుతుంది. ఇది నా మాట."

గోడలు ఆ మాటను పట్టుకుని గంటల్లా మోగాయి. అబద్ధం కాదు. నా చేతులు చంకల్లోంచి వాటంతటవే బయటికి వచ్చాయి. పిండిగట్టు మీద గోరు ఆనించాను. లోపల పలావు ఊపిరి వేళ్లకు తగిలింది.

"రాకుమారి?" అన్నాను.

"దాంతో నీకేం పని?"

"దాన్ని మళ్లీ పట్టనని కూడా ఒక మాట అనెయ్యి. ఇప్పుడే తీస్తాను."

ధూమకంఠుడు డేగిసావైపు చూశాడు. బయటికి, గుర్రంవైపు చూశాడు. "ఆ మాట అనను."

"అయితే కూర్చో," అని చేతులు మళ్లీ చంకల్లో పెట్టుకున్నాను.

నేనేమీ పుణ్యాత్ముణ్ణి కాను. ఆ కాసేపట్లో ఆ పిల్లను తిట్టాను, ఆమె నాన్నను తిట్టాను, గుర్రాన్ని తిట్టాను. చెంచిరాజునైతే ఏడు తరాలు వెనక్కీ ఏడు తరాలు ముందుకీ తిట్టాను. "త్వరగా పోవే ముసలి గాడిదా!" అని ఇక్కడ అరిస్తే అక్కడ గుర్రానికి వినపడుతుందా? ధూమకంఠుడు కాళ్లు పట్టుకున్నాడు. రత్నాలు పోశాడు. పొద్దు కొండ అంచును తాకేసరికి నా భార్య గొంతుతో ఏడ్చాడు కూడా. నా గోరు మళ్లీ ఒకసారి పిండిదాకా వెళ్లింది. కందకంమీద వంతెన దిగడం, చీమ దానిమీదికెక్కడం, వంతెన మళ్లీ పైకి లేవడం అప్పుడే చూశాను.

పొద్దు గుంకింది.

నాకిక దాచుకోవలసింది లేదు. పిండిగట్టు చీల్చి మూత ఎత్తాను. తొలి ఆవిరి తెల్లని ఏనుగులా లేచి పైకప్పును తాకింది. యాలకులు, కుంకుమపువ్వు, నేతిలో పొంగిన ద్రాక్ష, అడుగున కాస్త మాడు. ధూమకంఠుడు మొహం దాంట్లోకి దూర్చి గుండె పగిలేలా పీల్చాడు. వట్టి ఆవిరి. తుమ్ము వచ్చింది. మెడచీలికలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. నల్లటి జడలు బూడిదరంగుకు తిరిగాయి. నిలబడబోయి గోడ పట్టుకున్నాడు.

ద్వారంలో గడప మళ్లీ లేచింది. ఈసారి బయటికి కాదు, లోపలికి తిరిగింది.

"అయ్యా, ఇకనుంచి నేనెవరి మాట వినాలి?"

"నా మాటే! పడుకో!" అన్నాడు ధూమకంఠుడు. గొంతు పీలగా వచ్చింది.

"నీలో దమ్ము లేదుగా," అంది భూతం. వంగి డేగిసా వాసన చూసింది. తర్వాత ధూమకంఠుణ్ణి వాసన చూసింది. తర్వాత నన్ను. దాని నోరు తెరుచుకుంటే ద్వారమంతా నోరే అయింది. "కొయ్యలో పడ్డనాటినుంచీ ఏమీ తినలేదు. ముందు ఏది తిననూ?"

"అన్నా! కాపాడు!" అని ధూమకంఠుడు వెనకనుంచి నా నడుము కావలించుకున్నాడు. ఇంతమందిని బూడిద చేసినవాడు కోడిపిల్లలా వణుకుతున్నాడు. వాణ్ణి విదిలించుకోలేక, పొగలు కక్కే డేగిసాను రెండు చేతులా ఎత్తి భూతం నోటికి అడ్డం పెట్టాను. చేతులు కాలుతున్నాయి, పట్టు వదిలితే దాని ముద్ద మేమే. అప్పుడే గాలి ఇటు తిరిగింది. మైదానం మీదుగా, లోయ మీదుగా, కోట బురుజుమీంచి సాయంకాలపు నగారా నింపాదిగా మోగింది. అది మోగడం ఆగేసరికి చెంచిరాజు పేర మారిపోయింది మా నాన్న నేల, తూర్పుకాలువ కింద, తూముకు నాలుగు కుంచాల లెక్కన పది తూముల మూడు కుంచాల విత్తనం పట్టే మాగాణి.